డౌన్ సిండ్రోమ్ పరిశోధనకు ఏది: ఎలుకా, ఐపీఎస్ కణాలా?

డౌన్ సిండ్రోమ్ అంటే కణాల్లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం (ట్రైసోమీ). దాన్ని పరిశోధించడానికి అలాంటి మార్పు ఉన్న ఎలుకనో, ఐపీఎస్ కణాలనో (మనిషి చర్మం లేదా రక్తం కణాలను వెనక్కి తిప్పి, ఏ కణంగానైనా మారగలిగేలా చేసినవి) వాడతారు. నేర్చుకోవడం, జ్ఞాపకం కొలవాలంటే ఎలుక తప్పదు. ఎక్కువగా వాడే రకం టీఎస్65డీఎన్. చిక్కేమిటంటే, మన 21వ క్రోమోజోమ్ జన్యువులు ఎలుకలో 16, 17, 10 క్రోమోజోముల మీద చెల్లాచెదురుగా ఉంటాయి. ఈ రకంలో అదనంగా వచ్చేది 16లోని ముక్క. దానికి అతుక్కుని, డౌన్ సిండ్రోమ్‌తో సంబంధం లేని 17వ దాని ముక్కా వస్తుంది. మగవాటికి సాధారణంగా సంతానం కలగదు, తల్లి ద్వారానే సంతతి నడపాలి. కొన్ని కాలనీల్లో రెటీనాను చెడగొట్టే ఆర్‌డీ1 మ్యుటేషన్ ఉంటుంది. రెండు ప్రతులూ అవే ఉన్న ఎలుకకు చూపు పోతుంది. నీటి తొట్టి పరీక్షలో (నీటి కింద దాచిన గట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చేరాలి) అది గట్టు దొరక్క ఈదుతూనే ఉంటే మతిమరుపు ఖాతాలో రాసేస్తారు! ముందే జీనోటైపింగ్ (జన్యు పరీక్ష) చేసి ఏరేయాలి.

ఐపీఎస్ కణాల్లో మూడో 21 మనిషిదే. కానీ వేరే వ్యక్తి కణాలతో పోలిస్తే తేడా ట్రైసోమీదో, ఇద్దరి జన్యు భేదాలదో తేలదు. మొజాయిక్ వ్యక్తి (కొన్ని కణాల్లోనే మూడో 21 ఉన్నవారు) నుంచి తీసిన, మూడో 21 లేని జత లైన్‌నో (ఒకే మూలం నుంచి పెంచే కణాల వంశం), కల్చర్‌లో మూడో 21ని పోగొట్టుకున్న సబ్‌క్లోన్‌నో (అదే లైన్‌లోని ఒక కణం సంతతి) కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి పెట్టాలి. అదే నష్టం ట్రైసోమీ లైన్‌లోనూ చడీచప్పుడు లేకుండా జరగొచ్చు, అందుకే కొన్ని పాసేజీలకోసారి (కణాలను కొత్త పాత్రలోకి మార్చడం ఒక పాసేజీ) కార్యోటైప్ (క్రోమోజోముల పరీక్ష) తప్పనిసరి. పైగా ఈ న్యూరాన్లు నెలలు పెంచినా చాలావరకు గర్భస్థ దశలోనే ఉంటాయి.

మెదడు తొలి ఎదుగుదలకైతే కణాలే మేలు. మందుల విషయంలో ఎలుక ఒక్కదాన్నే నమ్మడం తొందరపాటు: ఎలుకల్లో ఆశ రేపిన గాబా-ఏ ఆల్ఫా5 (మెదడు సంకేతాలను అణిచే గాబాకు స్పందించే గ్రాహకాల్లో ఒక రకం) మార్గాన్నే నమ్ముకున్న బాస్మిసానిల్ అనే మందు, మనుషుల ట్రయల్‌లో 2016లో విఫలమైంది.