గాల్‌బ్లాడర్ ఆపరేషన్, ఏడాది దాటాక: మత్తు బాగుంది, నడక బాగోలేదు

రాళ్ల నొప్పికి నా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేసి ఏడాది దాటింది. ల్యాప్రోస్కోపీ (చిన్న చిల్లుల్లోంచి చేసే ఆపరేషన్) ఎలా చేస్తారో, ఎన్ని చిల్లులు పెడతారో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. నాకు చాలా ఏళ్లుగా క్రానిక్ ఫటీగ్ ఉంది. డాక్టర్ల చీటీల్లో ఎమ్ఈ/సీఎఫ్ఎస్ అని ఉంటుంది. ఒక వైరల్ జ్వరం తర్వాత పట్టుకుంది, ఇంకా వదల్లేదు. వంట చేసుకోగలను, దుకాణం లెక్కలు చూడగలను. రెండూ ఒకే రోజు చేస్తే మాత్రం మర్నాడో మూడోనాడో మంచం దిగలేను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆపరేషన్ బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. విశాఖ వెళ్లమన్నవాళ్లే ఎక్కువ గానీ, మా వదిన బరంపురంలో ఉంటుంది, దగ్గరుండి చూసుకునే మనిషి ఉంటుందని అటు వెళ్లాను.

అందరూ భయపెట్టింది మత్తు గురించే. "నీకసలే నీరసం, మత్తిస్తే మళ్లీ లేస్తావా?" అని మా అత్తగారు మొహం మీదే అడిగేశారు. టెన్షన్‌తో వెళితే మత్తు డాక్టరు గారు నన్ను ఆశ్చర్యపరిచారు. నోరు తెరవమని, మెడ వెనక్కి వంచమని, ఊగే పళ్లున్నాయా అని అందరినీ అడిగేవే అడిగి, ఆ తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని "మీ జబ్బు గురించి మీరే చెప్పండి" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట అన్న డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పడుకోబెట్టి పల్స్ చూశారు, నిలబెట్టి మళ్లీ చూశారు. కాసేపటికే నేను గోడ పట్టుకున్నాను, పల్స్ పడుకున్నప్పటికంటే 30కి పైనే పెరిగింది. నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి గుండె పరుగు పెట్టడం ఈ జబ్బున్న చాలామందిలో ఉంటుంది. అది చూశాక ఆయన పొద్దున మొదటి కేసుగా నన్నే పెట్టించారు, ఉపవాసం తగ్గుతుందని. ఆపరేషన్‌కు 2 గంటల ముందు వరకు ఉత్త నీళ్లు తాగొచ్చన్నారు. సెలైన్ ముందే ఎక్కిస్తామన్నారు. కండరాలు సడలించే మందుల్లో అట్రాక్యూరియమ్ లాంటివి ఒంట్లో హిస్టమిన్ (అలర్జీ తెప్పించే రసాయనం) విడుదల చేస్తాయని, ఈ జబ్బున్న కొందరికి అవి పడకపోవచ్చని, వాటి బదులు వెక్యూరోనియమ్ వాడతానని చెప్పారు. ఇది పరిశోధనల్లో తేలిన సంగతి కాదు, ముందుజాగ్రత్త మాత్రమే అని కూడా ఆయనే అన్నారు.

మత్తులోంచి హాయిగా లేచాను. ట్యూబు వల్ల గొంతు గీరుకుపోయినట్టుంది. కడుపులో నింపిన గ్యాస్ వల్ల కుడి భుజం పోటు పెట్టింది. వాంతులు లేవు, అయోమయం లేదు. మా ఆయనకు ఫోన్ చేసి దుకాణం తాళాలు ఎక్కడ పెట్టానో కూడా చెప్పాను.

నా కోపమంతా ఆ సాయంత్రం నుంచి జరిగిన దాని మీదే.

వార్డు సిస్టర్ ఒక కాగితం పట్టుకుని వచ్చింది, దాని నిండా గళ్లు. "ఉఠన్తు, చాలన్తు" (లేవండి, నడవండి) అంది. లేచాను. మంచం దగ్గర్నుంచి వరండా చివరున్న నీళ్ల ఫిల్టర్ దాకా వెళ్లి రావాలి, వచ్చాక గడిలో టిక్ పెడుతుంది. సెలైన్ స్టాండుకు ఒక చక్రం తిరగదు, దాన్ని ఈడ్చుకుంటూ నడవాలి. ఒకసారి వెళ్లొచ్చేసరికి వేలికి పెట్టిన మిషన్‌లో పల్స్ 120 దాటింది. ఇంకో గంటకు మళ్లీ వచ్చింది. వదిన ఒడియాలో బతిమాలింది, ఇది మామూలు నీరసం కాదమ్మా, మత్తు డాక్టరు గారు ఫైల్లో రాశారు చూడండి అని. ఆయన రాసిన కాగితం ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఫైల్లో ఉందట, వార్డుకు రాలేదట. "బద్ధకిస్తే గ్యాస్ ఎలా పోతుంది?" అని సిస్టర్ నవ్వింది. మంచి మనిషే, రాత్రి దిండు సరిచేసింది కూడా. మర్నాడు పొద్దున కూడా గళ్లన్నీ నిండాకే డిశ్చార్జి కాగితం చేతికిచ్చింది. "చూశారా, నడిస్తే ఎంత బాగున్నారో!"

నిజంగానే బాగున్నాను. ఈ జబ్బుతో చిక్కే అది. శ్రమ చేసిన రోజున ఏమీ తెలీదు, ఒకటి రెండు రోజులాగి మీద పడుతుంది. కారు వెనక సీట్లో పడుకుని పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా ఇంటికొచ్చాను. దారి పొడుగునా కబుర్లు చెప్పాను. ఆ మర్నాడు మధ్యాహ్నం కుక్కర్ విజిల్ వేస్తే చెవిలో మేకు దిగినట్టయింది. కిటికీలకు దుప్పట్లు కట్టించాను. మెడ కింద బిళ్లలు కట్టాయి. అన్నం నమలడానికి దవడ సహకరించక జావ పోయించుకున్నాను. కుట్లు శుభ్రంగా ఉన్నాయి, జ్వరం లేదు, కళ్లు పచ్చబడలేదు. సర్జన్ గారు ఫోన్‌లో అవే అడిగి "అంతా నార్మలే" అన్నారు. ఆయన లెక్కలో నార్మలే మరి. వానాకాలంలో ఆపరేషన్ అయితే, సంక్రాంతికి గానీ ముగ్గు ముందు కూర్చోలేకపోయాను.

నడక వద్దని కాదు నా గొడవ. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా లేపి నడిపిస్తారు, అది అవసరమే. బాత్రూం వరకు నడక, మంచం మీదే పాదాలు ఆడించడం, గట్టిగా ఊపిరి పీల్చడం, నా బోటివాళ్లకు ఇవి సరిపోతాయేమో సర్జన్‌ను ముందే అడగాలి. ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ 2021 మార్గదర్శకాల్లో, వ్యాయామాన్ని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయే చికిత్స ఈ జబ్బుకు పెట్టొద్దని చెప్పింది. ఆపరేషన్ తర్వాతి నడకకు అది వర్తించదు, నాకూ తెలుసు. అయినా ఆ కాగితం మీద గళ్లు గీసినవాళ్లకు ఆ సంగతి ఒకటుందని తెలిస్తే బాగుండేది.

మత్తు డాక్టరు గారిని మొదట్లో దేవుడని చెప్పుకు తిరిగాను. ఇప్పుడు కాస్త తగ్గించాను. నీళ్లు తాగొచ్చని ఆయన అన్నారే గానీ, రాత్రి 12కే ఆయా సీసా తీసుకుపోయింది. ఓటీ దాటాక ఆయన మాట ఎవరికీ అందలేదు. హాయిగా లేవడం ఆ మందు మార్చడం వల్లో, నా అదృష్టమో కూడా చెప్పలేను.

రాళ్ల నొప్పి మళ్లీ రాలేదు కాబట్టి ఆపరేషన్ చేయించుకోవద్దని ఎవరికీ చెప్పను. నాది ఇంట్లో తిరగగలిగే స్థాయి, పైగా వదిన ఉంది, జావ కాచే అత్తగారు ఉన్నారు. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో అనుమానమే. మళ్లీ అలాంటి అవసరం వస్తే అదే డాక్టరు దగ్గరికి వెళ్తాను గానీ, ఆయన రాసినదానికి జిరాక్స్ తీయించి నా మంచానికే అంటిస్తాను. విశాఖలో ఇంతకంటే బాగా చూసేవారేమో. నాకు ఆ ప్రయాణమే ఎక్కువ.