తొమ్మిదేళ్లుగా కెర్నల్ బస్ ఆప్షన్స్‌తో నా అనుభవం

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. తెలుగు, ఒడియా పెళ్లి కార్డులు వేస్తాం, రైస్ మిల్లులకు బిల్లులు తీస్తాం. మూడు కార్బన్ కాపీలు ఒక్కసారే దిగాలంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే దిక్కు. పాత 32 బిట్ పెట్టెలో పీసీఐ స్లాట్‌కి (మదర్‌బోర్డు మీద అదనపు కార్డులు పెట్టే చోటు) గుచ్చిన పారలల్ పోర్ట్ కార్డుతో (పాత ప్రింటర్ల కేబుల్ తగిలించే కార్డు) అది నడుస్తోంది. ఆ పెట్టెకి లినక్స్ కెర్నల్‌ని, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్‌ని, తొమ్మిదేళ్లుగా నేనే కంపైల్ చేసుకుంటున్నాను.

కెర్నల్‌లో ఏవేవి ఉండాలో ఎంచుకునే మెనూ పేరు మెనూకాన్ఫిగ్. అందులో బస్ (కార్డులకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) ఆప్షన్స్ పేజీ చిన్నదే. పీసీఐ ఆన్‌లో ఉండాల్సిందే. (మా గజపతి జిల్లా ఏర్పడిన 1992లోనే పీసీఐ మొదటి వెర్షన్ కూడా వచ్చింది.) యాక్సెస్ మోడ్‌ని (పీసీఐ కార్డులను కెర్నల్ చేరుకునే పద్ధతిని) 'ఎనీ' మీదే వదిలేయండి, ఒక పద్ధతి కుదరకపోతే కెర్నలే ఇంకోటి చూసుకుంటుంది. మదర్‌బోర్డు మీద పీసీఐ కంటే పాతవైన ఐఎస్ఏ స్లాట్లు లేవు కాబట్టి ఐఎస్ఏ తీసేశాను, ఏ ఇబ్బందీ రాలేదు. కెర్నల్ 5.0 వెర్షన్ నుంచి పీసీఐ ఆప్షన్ డివైస్ డ్రైవర్స్ మెనూ కిందకి మారింది. తెలియక చాలాసేపు వెతికాను.

నేను దెబ్బతిన్నది 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అనే కమాండ్ దగ్గర. ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను (అవసరమైనప్పుడు లోడయ్యే కెర్నల్ ముక్కలను) ఉంచి మిగతావి తీసేస్తుందది. దుమ్ము దులపడానికి ప్రింటర్ కార్డు పీకి ఉన్నరోజే దాన్ని నడిపాను. కొత్త కెర్నల్ చక్కగా బూటయింది. కార్డు పెట్టాక ప్రింట్ మాత్రం రాలేదు. మిల్లు గుమస్తా గుమ్మంలో నిలబడి "బాబూ, లారీ స్టార్ట్ చేసి ఉంది" అంటున్నాడు. టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు. పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే కార్డు పేరు కనిపిస్తోంది! డాష్ కె (-k) తగిలించి మళ్లీ కొడితే అసలు సంగతి బయటపడింది. 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైనే లేదు. బస్ కార్డుని గుర్తుపట్టింది గానీ, దాన్ని నడిపే డ్రైవర్లు కెర్నల్‌లో లేవు. అవి బస్ పేజీలో దొరకవు. పారలల్ పోర్ట్ కార్డు డ్రైవర్ అయిన పార్‌పోర్ట్ 'పారలల్ పోర్ట్ సపోర్ట్' మెనూ కింద ఉంటుంది, ప్రింటర్‌ది క్యారెక్టర్ డివైసెస్ కింద. బూట్ మెనూ అయిన గ్రబ్‌లో పాత కెర్నల్ చెరపలేదు కాబట్టి దాంతోనే బూట్ చేసి ఆ బిల్లు ఇచ్చి పంపాను.

హెల్ప్ నొక్కితే వచ్చే నాలుగు లైన్లు నాకు చాలా ఇష్టం. తెలియకపోతే వై (ఉంచు) పెట్టాలో ఎన్ (వద్దు) పెట్టాలో చాలాచోట్ల అదే చెబుతుంది. నచ్చనిది ఒక్కటే. ఒక ఆప్షన్ తీస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

ఇప్పుడు లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కి ముందు ప్రింటర్ ఆన్ చేసి ఒక ఖాళీ బిల్లు తీస్తాను, ఆ మాడ్యూళ్లు లోడై ఉండాలని.