ట్యూబ్ ఉన్న ఇన్సులిన్ పంప్: మా పాపకి పద్నాలుగు నెలలు వాడాక

మా పాపకి ఏడో ఏట టైప్ 1 షుగర్ బయటపడింది. నాలుగేళ్లు రోజుకి నాలుగైదు సూదులు వేశాం, పోయినేడాది సన్నటి ట్యూబ్ ద్వారా చర్మం కిందికి ఇన్సులిన్ పంపే పంప్‌కి మారాం. తెలిసిన తల్లిదండ్రులు ఫోన్ చేసి "ఏ పంప్ తీసుకోమంటారు?" అని అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. మాది ఏ కంపెనీదో రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఒంటికి అంటించుకుంటే షుగర్ ఎంతుందో చూపించే సెన్సార్‌తో కలిసి పనిచేసే ఏ ట్యూబ్ పంప్‌కైనా దాదాపు ఉండేవే.

అసలు ఎందుకు మారామంటే, తెల్లవారుజామున మూడింటి నుంచి పాపకి ఏమీ తినకుండానే షుగర్ ఎక్కేది, పోనీ అని రాత్రి లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) డోసు కాస్త పెంచితే ఒంటిగంటకల్లా 60కి పడిపోయేది. నేనో మా ఆవిడో అలారం పెట్టుకుని లేచి వేలు గుచ్చి చూసేవాళ్లం. ఒకసారి ఇచ్చేసిన లాంగ్ యాక్టింగ్‌ని గంటకో రకంగా మార్చుకోలేం. పంప్‌లో నింపేది నోవోరాపిడ్, హ్యూమలాగ్ లాంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, దాన్నే ఏ గంటకి ఎంత కావాలో అంత చుక్కచుక్కగా పంపిస్తుంది. ఇన్సులిన్ పెన్‌తో అర యూనిట్ కంటే తక్కువ వెయ్యలేం, ఇందులో గంటకి 0.025 యూనిట్ దాకా తగ్గించొచ్చు. సెన్సార్ కూడా ఉంటే ప్రతి ఐదు నిమిషాలకీ షుగర్ ఎటు పోతోందో చూసి తనే పెంచుతుంది, పడిపోయేలా ఉంటే ముందే ఆపేస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు చాలా రాత్రులు ముగ్గురం తెల్లారేదాకా నిద్రపోతున్నాం, పెట్టిన డబ్బంతా దీనికే అనుకున్నా నాకు బాధ లేదు. సెన్సార్ లేకుండా ఒట్టి పంప్ కొనే ఆలోచనలో ఉంటే మాత్రం, డబ్బు కూడేదాకా పెన్, సెన్సార్‌తోనే ఉండమని చెప్తాను.

ఇక ఏది కొనాలి? మెడ్‌ట్రానిక్ 780జి అనే ట్యూబ్ పంప్‌లో షుగర్ ఎంత దగ్గర ఉంచాలన్న టార్గెట్ 100, 110, 120ల్లో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. అమెరికాలో మనవాళ్ల పిల్లలు వాడే, ఒంటికే అంటించుకునే ఆమ్నిపాడ్ పంప్‌కి అసలు ట్యూబే ఉండదు, 200 యూనిట్ల ఇన్సులిన్ పడుతుంది, మూడు రోజులకోసారి పాడ్ మొత్తం తీసి కొత్తది అంటించాలి. వీడియో చూసి మా పాప కూడా అదే కావాలంది. కానీ మూడు రోజులకి ఒకటంటే నెలకి పది, ఎవరో వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చే సరుకు మీద పిల్లని ఎలా ఆధారపెడతాం? ట్యూబ్ పంప్‌కైనా ఇదే లెక్క. మామూలు ఇన్ఫ్యూజన్ సెట్ (ట్యూబూ, చర్మంలోకి దిగే ముక్కా) రెండు మూడు రోజులకోసారి మార్చాలి, ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు, సెన్సార్లు వేరే. అందుకే పంప్ ధర ఒక్కటే అడగొద్దు, నెల ఖర్చు కాగితం మీద రాయించుకోండి, సరుకు ఎన్ని రోజుల్లో ఇస్తారో అడగండి, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎవరో అడగండి. మా సరఫరాదారు ఒకసారి సెట్లు పన్నెండు రోజులు ఆలస్యం చేశాడు, ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. అప్పట్నుంచి నెలకి సరిపడా సెట్లు ఇంట్లో ఎప్పుడూ అదనంగా ఉంచుతున్నాం.

తెనాలిలో పెళ్లికి వెళ్లినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. పాప పిల్లలతో ఆడుతుంటే కాన్యులా (సెట్‌లో చర్మం కింద ఉండే సన్నటి గొట్టం) లోపల వంగిపోయింది, బయటికి ఏమీ కనపడలేదు. భోజనానికి బోలస్ (తిండికి సరిపడా ఒకేసారి ఇచ్చే డోసు) ఇచ్చినా రెండు గంటలకి 340, కడుపులో తిప్పుతోందంది, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ప్రమాదకరమైన ఆమ్లాలు) వచ్చేశాయి. ఒంట్లో లాంగ్ యాక్టింగ్ ఉండదు కాబట్టి పంప్ నుంచి ఇన్సులిన్ ఆగితే కొన్ని గంటల్లోనే పరిస్థితి ఇలా అయిపోతుంది. డాక్టర్‌గారు ముందే నేర్పారు గనక షుగర్ దించే కరెక్షన్ డోసు పెన్‌తో వేసి, మంచినీళ్లు తాగించి, సెట్ మార్చాం. సర్దుకునేసరికి అర్ధరాత్రి దాటింది. పెన్, కీటోన్ స్ట్రిప్పులు, ఇంకో సెట్ లేకుండా పక్క వీధికి కూడా పంపట్లేదు.

పంప్ పెడితే తిండి లెక్క పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, మేం ఇప్పటికీ వంటింటి త్రాసు మీద తూచే పెడతాం, తినడానికి పావుగంట ముందు బోలస్ ఇస్తాం. పూరీలు, పులిహోర తిన్న రోజు నూనె వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కి చాలాసేపు దిగదు, సెన్సార్ చూసి పంప్ తనే డోసు మార్చే ఆటో మోడ్ కూడా కాస్త కష్టపడుతుంది. సీటీ, ముఖ్యంగా ఎంఆర్ఐ లాంటి స్కానింగ్‌కి పంప్ తీసి బయట పెట్టాలి.

కుదిరితే కొనేముందు కొన్ని రోజులు పంప్‌లో ఇన్సులిన్ బదులు సెలైన్ నింపి పెట్టించుకుని చూడండి. మా పాపకి నడుముకి తగిలించుకోవడం నచ్చలేదు, ఎండాకాలంలో చెమటకి ప్లాస్టర్ కూడా ఊడుతుండేది. విజయవాడ ఎండలో రిజర్వాయర్‌లో ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటకూడదని ఇంకో భయం. మా అత్తగారు మెత్తటి కాటన్ గుడ్డతో చిన్న సంచి కుట్టి, లంగా లోపలి వైపు నాడా దగ్గర బిగించారు. స్కూల్ డ్రెస్‌కి కూడా అలాంటివే మూడు కుట్టారు, పాప ఇప్పుడు వాటితోనే వెళ్తోంది.