‘మాస్టర్ టేపు’ అంటే పైసలు కట్టకండి: నాకైతే 7,200 పోయినయ్

పాత రాక్ కచేరీల క్యాసెట్లు కొనే అన్నలకు, తమ్ముళ్లకు ముందే చెప్తున్న. ఎవడన్న ఫోన్ చేసి “ఒరిజినల్ ఆడియన్స్ మాస్టర్ ఉంది, రిస్టోర్ కూడా చేసినం” అంటే ఆగుండ్రి. నేను ఆగలే. ఆడియన్స్ మాస్టర్ అంటే కచేరీల జనం నడుమ కూసొని ఎక్కించిన మొదటి టేపు, కాపీ కాదు.

అమ్మినాయన పేరు, ఊరు ఇక్కడ రాయను. ఆయన చూపించింది లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌ల చేసిన కచేరీ. ఈ పిచ్చి ఉన్నోళ్లకు తేదీ చెప్తే చాలు. మైక్ మిలార్డ్ అనేటాయన చక్రాల కుర్చీల కూసొని, నకామిచి 550 రికార్డరు దాచుకొని లోపలికి పోయి జనంల నుంచే ఎక్కించిన టేపు అది. ఆ మిలార్డ్ మాస్టర్ నుంచే తీసిన మూడు క్యాసెట్లు, “అమెరికాలనే కంప్యూటర్‌లకు ఎక్కించి శుభ్రం చేసిన” ఫ్లాక్ (శబ్దం ఏం పోకుండ దాచే రకం) ఫైళ్ల పెన్‌డ్రైవ్ ఒకటి ఇస్తా అన్నడు అమ్మినాయన. మా మేనమామ కాజీపేట ఆర్‌ఈసీల, ఇప్పటి ఎన్‌ఐటీల, చదివినప్పుడు హాస్టల్‌ల ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ కొట్టుకున్న టేపులు విని పెరిగినోణ్ని నేను. అవి ఎన్నో చేతులు మారి, పాట కంటే బుస్సు చప్పుడే ఎక్కువుండేది. మాస్టర్ అనంగనే మతి పోయింది.

పార్సిల్ హన్మకొండ బస్టాండుకు వచ్చింది. డెక్కు హెడ్డు తుడిచి, అజిమత్ (టేపుకు హెడ్డు ఆనే కోణం) సరిచేసి పెట్టిన. మొదటి క్యాసెట్ బి సైడు చివరికి జనం అరుపులు ఆగినయ్, ఒక టక్కు చప్పుడు, ఆ వెనకనే “ఆకాశవాణి, హైదరాబాద్ కేంద్రం”. ప్రాంతీయ వార్తలు! వంటింట్ల నుంచి మా ఆమె “రేడియో ఎప్పుడు కొన్నవ్?” అని అడిగింది. వాడిన టేపు మీద కొత్తది ఎక్కిస్తే, కొత్తది ఆగిన కాడ నుంచి పాతది అట్లనే మిగులుతది. కాలిఫోర్నియా టేపుల హైదరాబాద్ వార్తలు ఎట్ల జొరబడ్డయో ఆయననే చెప్పాలె.

పెన్‌డ్రైవ్ సంగతి ఇంకా అన్యాయం. ఆడాసిటీల స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగ చూపేది) తెరిచిన, ఉత్తగనే దొరికే సాఫ్ట్‌వేర్ అది. ప్రతి ఫైలు 16 కిలోహెర్ట్జ్ కాడ కత్తితోటి కోసినట్టు తెగింది. క్యాసెట్‌ల పై శబ్దాలు మెల్లగ పల్చబడుతయ్, గోడ కట్టినట్టు ఆగవు. సైజు తగ్గించనీకి శబ్దం కొంత తీసేసే 128 కేబీపీఎస్ ఎంపీత్రీ ఎక్కువ శాతం అట్లనే తెగుతది. దాన్ని ఫ్లాక్‌లకు మార్చినంత మాత్రాన పోయింది వాపస్ రాదు. సన్నగ హమ్, అంటే కరెంటు నుంచి వచ్చే గుయ్యిమనే చప్పుడు, కూడా ఉన్నది, చూస్తే 50 హెర్ట్జ్. అమెరికా కరెంటు 60, మనది 50. అమెరికాలనే ఎక్కించిన ఫైలుకు మన కరెంటు వాసన ఎక్కడిది?

ఇగ ‘రిస్టోర్’ అన్నది చూస్తే నాయిస్ రిడక్షన్ మీట మొత్తం తిప్పి కూసున్నడు. చప్పట్లు నీళ్లల్ల బుడగలు పలిగినట్టు వినిపిస్తున్నయ్. బుస్సు పోయింది నిజమే, దాంతోటి హాలు కూడా పోయింది. పని తెలిసినోడు ముందు స్పీడు, అజిమత్ చూసుకుంటడు, కొంత బుస్సు కావాలనే ఉంచుతడు.

అడిగితే “మీ డెక్కు ఖరాబైంది” అన్నడు, తెల్లారి నంబర్ బ్లాక్ చేసిండు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. పైసలైతే ఇంకా రాలే.

తప్పు నాది కూడా ఉన్నది. ఈ టేపులు అమ్ముకునేటివి కావు, పోస్టు ఖర్చు, ఖాళీ క్యాసెట్ ఇచ్చి మార్చుకునేటివి అని పాత ట్రేడర్లు మొత్తుకుంటనే ఉంటరు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండు వాళ్లు 1984ల టేపులు ఎక్కించేటోళ్లకు వేరే సీట్లే పెట్టిండ్రు, వ్యాపారం మాత్రం వద్దన్నరు. వాళ్ల కచేరీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల వేలకొద్ది పైస లేకుండ వినొచ్చు. ఇదంత తెలిసి కూడా 7,200 కొట్టిన.

ఇంకా కొనే ఉంటే, ఎవరు ఎక్కించిండ్రు, ఏ రికార్డరు, మీ చేతికొచ్చింది ఎన్నో కాపీ అని అడుగుండ్రి. ప్రతి సైడు చివరి రెండు నిమిషాలు వేవ్ ఫైలుగ పంపుమనుండ్రి. మొదటి నిమిషం వద్దు, దాన్ని అందరు మంచిగనే పంపుతరు. మీ ఇంట్ల టేపు శుభ్రం చేయించాల్సి వస్తే మాత్రం ఒరిజినల్ ఎవరికి పార్సిల్ కొట్టకండి, దగ్గరుండి ఎక్కించుకోండి.

వినాలనుకుంటే హన్మకొండల నా దగ్గర పెట్టి వినిపిస్త. వార్తలు మాత్రం వాతావరణం దాక లేవు, నడుమనే తెగినయ్.