ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు అమ్ముతున్న అతని దగ్గర కొనకండి

పాత మ్యాచ్‌బాక్స్ కంపెనీ చిన్న బొమ్మ బండ్లు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. లండన్ బస్సు, ఆ కంపెనీ బండ్ల వరసలో నంబరు 17, పక్కన బర్జర్ పెయింట్స్ స్టిక్కరు, అరచేతిలో పెట్టుకుని తీసిన నాలుగు ఫోటోలు. అవి అమ్మకానికి పెట్టింది ఎవరో మీలో చాలామందికి తెలుసు. నేను కూడా అతని దగ్గర ఇంతకుముందు రెండు చిన్న కార్లు కొన్నాను, ఏ ఇబ్బందీ రాలేదు, అందుకే నమ్మాను. నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఈ బస్సే ఎందుకంటే, నా చిన్నప్పుడు ఆదివారాలు నాన్న నన్ను డబుల్ డెక్కర్ ఎక్కించడానికే సికింద్రాబాద్ తీసుకెళ్లేవాడు. పైన ముందు సీటు దొరక్కపోతే దిగిపోయి ఇంకో బస్సు కోసం నిలబడేవాళ్లం. ట్యాంక్‌బండ్ మీదకి రాగానే గాలి మొహానికి కొట్టేది, నేను స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు ఆడించేవాణ్ణి. 1980లో మా మామయ్య కువైట్ నుంచి ఈ బొమ్మ తెచ్చినప్పుడు నాన్న చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "మన బస్సేరా ఇది" అన్నాడు. 1988లో ఇల్లు మారినప్పుడు పాత సామాన్లతో పాటు అది కూడా పోయింది. నాన్న పోయి ఆరేళ్లయింది. 2023లో హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు ఒక్కణ్ణే వెళ్లి పైన కూర్చున్నాను, అప్పటి నుంచి ఈ బొమ్మ కోసం వెతుకుతూనే ఉన్నాను.

ఇదంతా అతనికి ఫోన్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ముందు 5,000 అన్నాడు, నేను సరే అన్న అరగంటకి మళ్లీ ఫోన్ చేసి బెంగళూరు నుంచి ఎవరో 6,500 ఇస్తామంటున్నారు, కానీ మీరు నాన్నగారి గుర్తు అన్నారు కదన్నా, ఆ రేటుకే మీరు తీసుకుంటే మీకే ఇస్తా అన్నాడు. ఆ మాటకి నేను థాంక్స్ కూడా చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించలేదు, ఆ ఫోన్లో ఉండగానే డబ్బులు పంపేశాను.

పెట్టె తెరిచి బస్సు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. ఫోటోలో పై అంతస్తు ముందు మూల దగ్గర రంగు లేచిపోయి బియ్యపు గింజంత చోట లోహం కనబడుతుంది. వచ్చిన బస్సుకి ఆ మచ్చ లేదు. మొత్తం కొత్త రంగు, కిటికీ అంచుల్లో గడ్డ కట్టి ఉంది. స్టిక్కరు ఇంట్లో ప్రింటర్ మీద తీసింది, వేలు తడి చేసి రాస్తే ఎరుపు అంటుకుంది. తిరగేసి చూస్తే అడుగు రేకు పట్టి ఉంచే రివెట్లు డ్రిల్లు పెట్టి తీసేసి, మళ్లీ జిగురుతో అంటించారు. రేకు మీద లెస్నీ (మ్యాచ్‌బాక్స్ బండ్లు తయారుచేసిన కంపెనీ), ఇంగ్లండ్, 1972 అని ఉంది, అది మాత్రం అసలుదే. అంటే ఒక పాడైపోయిన బస్సు అడుగు తెచ్చి ఇంకో దాని మీద అతికించారు. చక్రాలు రెండు ఒక రకం, రెండు ఇంకో రకం. నేల మీద పెట్టి తోస్తే రెండు అడుగులు వెళ్లి పక్కకి తిరిగిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను. నేను అరవలేదు. ఫోటోలో ఉన్నది ఇది కాదు కదా బాబూ, ఆ మచ్చ ఉన్న బస్సు పంపు, కొరియర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అతను అన్న మాట ఇది: "పిల్లలు ఆడుకునే బొమ్మ మీద ఇంత రాద్ధాంతం ఏంటి? మీ నాన్న గుర్తు అన్నావు కదా, గుర్తుకి ఏ బస్సయితే ఏంటి?" అప్పటిదాకా అన్నా, మీరు అని మాట్లాడిన మనిషి. నాకు నోట మాట రాలేదు. నేను తేరుకునేలోపే ఏం చేసుకుంటావో చేసుకో అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబరు బ్లాక్. డబ్బు పోయిందన్న బాధ కంటే, నాన్న మాట అతని నోట్లో పెట్టింది నేనే కదా అన్న బాధ ఎక్కువగా ఉంది. మా ఆవిడ పక్కనే ఉంది, ఫోన్ స్పీకర్లో ఉంది, అన్నీ విన్నది.

సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చాట్లు, డబ్బు పంపిన రసీదు, కొరియర్ స్లిప్పు అన్నీ దాచాను. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయలేదు, అది నా పొరపాటు, మీరు తప్పకుండా తీయండి. కొనే ముందు బస్సుని తిప్పి చూపిస్తూ వీడియో కాల్ చేయమనండి, రివెట్లు దగ్గరగా చూపించమనండి. ఫోటోలతో సరిపెట్టుకోవద్దు. ఇంకో కొనేవాడు లైన్లో ఉన్నాడు అంటే వదిలేయండి.

ఈ రోజు పొద్దున నా తమ్ముడి ఫోన్లోంచి చూస్తే అవే నాలుగు ఫోటోలు మళ్లీ అమ్మకానికి ఉన్నాయి, ఈసారి 7,000. మొదటి ఫోటోలో పైన ముందు మూల దగ్గర చూడండి, ఆ బియ్యపు గింజంత మచ్చ అలాగే ఉంది.