విశాఖ చలివేంద్రాలు: మధ్యాహ్నం రెండింటికి కుండలో నీళ్లున్నాయా?

మార్చి దాటాక విశాఖలో పెద్ద జంక్షన్లన్నిటా చలివేంద్రాలు వెలుస్తాయి. మద్దిలపాలెం, జగదాంబ, ఎన్‌ఏడీ, గాజువాక, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పరిసరాలు, ఎక్కడ చూసినా నాలుగు సరుగుడు కర్రలు, పైన తాటాకులు, కింద ఎర్ర కుండలు. ఊరికే పోసే నీళ్లకి సమీక్ష ఎందుకనుకోవద్దు. లీటరు బాటిల్ ఇరవై రూపాయల దాకా ఉంటుంది. ఎండలో పనిచేసే జట్టు కూలీకి రోజుకి మూడు బాటిళ్లంటే కూలి డబ్బుల్లో పెద్ద కోతే. ఎవరినీ అడగకుండా, మొహమాటపడకుండా ఆగి తాగగలిగే చోటు అతనికి చాలా అవసరం. ఆ నీళ్లు వేళకి దొరకాలి, చల్లగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి.

ఎక్కువ చలివేంద్రాలు తప్పేది వేళ దగ్గరే. ప్రారంభం రోజు మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు, ఫొటోలు అన్నీ ఉంటాయి. పది రోజులు పోయాక మధ్యాహ్నం రెండింటికి వెళ్తే కుండ అడుగున బెత్తెడు నీళ్లుంటాయి. దీనికి కారణం లెక్క వేసుకోకపోవడమే. ఇరవై లీటర్ల క్యాన్ రెండువందల మిల్లీలీటర్ల గ్లాసులతో వంద గ్లాసులు. దాహంతో వచ్చినవాడు రెండు గ్లాసులకు తక్కువ తాగడు. అంటే క్యాన్ యాభై మందికి. రద్దీ జంక్షన్లో పొద్దున్న ఆరు క్యాన్లు దించి వెళ్లిపోతే అవి మూడొందల మందికే సరిపోతాయి, అసలు ఎండ ముదిరేసరికి ఖాళీ. పదకొండున్నరకి ఒకసారి, రెండింటికి ఇంకోసారి నింపే ఏర్పాటు ఉంటేనే సాయంత్రం దాకా నిలుస్తుంది. బాగా నడిచే చలివేంద్రాన్ని గమనించండి, పక్కనే ఒక మెడికల్ షాపో కిళ్లీ కొట్టో ఉంటుంది. రోజంతా అక్కడే ఉండే ఆ కొట్టతను కుండ వంక ఓ కన్నేసి ఉంచుతాడు, తగ్గగానే ఫోన్ చేస్తాడు. విరాళం ఇచ్చినవాళ్ల పేర్లు ఎన్ని రాసినా, సేవ నడిచేది అతని వల్లే.

చల్లదనం సంగతి. కుండ చెమర్చి, ఆ తడి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ, తడి తొందరగా ఆరదు. అందుకే ఇక్కడ గాలి ధారాళంగా ఆడటం మరీ ముఖ్యం. మనవాళ్లేమో పందిరికి మూడు వైపులా ఫ్లెక్సీలు కట్టేస్తారు! గాలి ఆగిపోతుంది, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఫ్లెక్సీ కట్టాలనుకుంటే పైన అడ్డంగా ఒకటి చాలు. కుండకి రంగులు వేయకూడదు, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. కింద జానెడు ఇసుక పోసి తడిపి, చుట్టూ గోనెపట్టా చుట్టి, రెండు మూడు గంటలకోసారి నీళ్లు చల్లితే తేడా నాలుక్కే తెలుస్తుంది. కొత్త కుండని ఒక రోజంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోశాకే వాడాలి.

శుభ్రతలో మొదట చూడాల్సింది గ్లాసు. ఎంగిలి గ్లాసు కుండలో ముంచుతున్నారంటే అక్కడ తాగకండి. కుళాయి ఉన్న కుండ మేలు, లేకపోతే పొడుగు కాడ గరిటె. పలచటి ప్లాస్టిక్ కప్పులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, అయినా కొన్నిచోట్ల కనబడుతూనే ఉన్నాయి. స్టీలు గ్లాసులు పెట్టి, కడగడానికి విడిగా బకెట్ ఉంచడమే మంచి పద్ధతి. కుండ లోపల రెండు రోజులకే జిగురు పాచి పడుతుంది. రోజూ సాయంత్రం సబ్బు లేకుండా కొబ్బరి పీచుతో తోమి ఎండబెట్టాలి, కాబట్టి రెండు జతల కుండలు ఉండాలి. కుళాయి నీళ్లు పోసేవాళ్లు క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాకే పోయాలి.

బాటిల్ నింపుకునేవాళ్లని కసిరే చోట్లకి మార్కులు తగ్గించాల్సిందే. డెలివరీ కుర్రాడికి, చీపురు పట్టుకుని బీచ్ రోడ్డు పొడుగునా నడిచే అమ్మకి గంటకోసారి పందిరి దొరకదు. వాళ్ల కోసం ఒక గరాటు ఉంచితే చాలు.

మజ్జిగ పోసేవాళ్లకి కొలత: లీటరు పెరుగుకి నాలుగు లీటర్ల నీళ్లు, రెండున్నర చెంచాల ఉప్పు, దంచి వడకట్టిన అల్లం, కరివేపాకు. పచ్చిమిర్చి తక్కువ, పిల్లలూ తాగుతారు. పొద్దున్నే డ్రమ్ముడు చిలికి పెడితే ఒంటిగంటకే పులుస్తుంది. పెరుగుని చల్లటి చోట ఉంచి గంటకోసారి కొంత కొంత చిలకాలి. ఐసుని గిన్నె చుట్టూ పెట్టండి, లోపల వద్దు. చేపల కోసం చేసే ఐసు దిమ్మ తాగడానికి పనికిరాదు. చోడంబలి (రాగి అంబలి) పోసే చోట్లకి మాత్రం ఎక్కువ మార్కులు, అది కడుపూ నింపుతుంది. పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపాకే మరిగే నీళ్లలో పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచేవాళ్లు ఒక పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకని చెప్పి మరీ ఇవ్వాలి. దాన్ని ఒక్క గ్లాసులో మొత్తం కలిపి తాగితే మేలు బదులు కీడు. ఎవరైనా సొమ్మసిల్లి స్పృహలో లేకుంటే నోట్లో నీళ్లు పోయకూడదు. నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలు పందిరి కర్రకి ఒక అట్టమీద రాసి కట్టిన చోటు దొరకడం అరుదు.

ఆషాఢ పౌర్ణమి సింహాచలం గిరి ప్రదక్షిణలో మన ఊరి చెయ్యి పెద్దదే. 32 కిలోమీటర్ల దారిలో నీళ్లూ పులిహోరా పెట్టే చేతులకి లోటుండదు. అదే చెయ్యి మే నెల మామూలు మంగళవారం కేజీహెచ్ ఓపీ దగ్గర కూడా కావాలి. అక్కడ శ్రీకాకుళం నుంచీ, ఏజెన్సీ (గిరిజన మన్యం) నుంచీ వచ్చినవాళ్లు చీటీ పట్టుకుని గంటలకొద్దీ నిలబడతారు. వరుస వదిలి నీళ్ల కోసం వెళ్లలేరు. అక్కడ పందిరి కంటే ట్రే పట్టుకుని వరుస వెంట నడిచే ఇద్దరు మనుషులు ఎక్కువ ఉపయోగం.

ఇంకొకటి. చాలా చలివేంద్రాలు మే నెలాఖరుకి ఎత్తేస్తున్నారు. విశాఖలో ఉక్కపోత వానలు పట్టేదాకా తగ్గదు. కొత్తగా పెట్టేవాళ్లు జూన్ రెండో వారం దాకా క్యాన్లకి డబ్బు పక్కన పెట్టుకుని మొదలెట్టండి, అవసరమైతే ప్రారంభోత్సవం ఖర్చు తగ్గించుకునైనా.