గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లకు హెచ్చరిక: పిగ్మెంట్ పేరుతో డై ఇంకు ప్యాడ్లు అంటగడుతున్నారు

చెన్నైలో చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తున్న అక్కలూ, చెల్లెళ్లూ, కొత్త ఇంకు ప్యాడ్లకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ఒకావిడ దగ్గర 'పిగ్మెంట్ ఇంకు, ఎంబాసింగ్‌కు గ్యారంటీ' అన్న సెట్టు తెప్పించాను. వచ్చినవి డై ఇంకు ప్యాడ్లు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం తేడా చెబుతాను. డై ఇంకు పల్చగా ఉంటుంది, కాగితంలోకి ఇంకి చిటికెలో ఆరిపోతుంది. పిగ్మెంట్ ఇంకు చిక్కగా పైనే నిలిచి నిదానంగా ఆరుతుంది. ఆ తడి మీదే ఎంబాసింగ్ పౌడర్ పట్టుకుంటుంది, హీట్ గన్ వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరుస్తుంది. తడి ఆరిపోయాక ఎంత ఖరీదైన పౌడర్ చల్లినా దండగే.

నేను చేస్తున్నవి గృహప్రవేశం కార్డులు. ముదురు నీలం కార్డ్‌స్టాక్, పైన మామిడి తోరణం స్టాంపు, కింద 'శుభాకాంక్షలు'. వాళ్ల బంగారు రంగు ప్యాడ్ మీద అద్ది వేస్తే నీలం మీద అచ్చు కనబడనే లేదు. లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే తడి గీత మాత్రం తెలిసింది, అది కూడా చూస్తుండగానే ఆరిపోయింది. పౌడర్ చల్లి దులిపితే ఆకుల మధ్య అక్కడక్కడ చుక్కలు మిగిలాయి, 'క్ష' కింద వత్తు మొత్తం ఎగిరిపోయింది. అదే స్టాంపు, అదే కాగితం, ఎంబాసింగ్ కోసమే చేసే నా పాత వర్సామార్క్ ప్యాడ్‌తో వేస్తే ప్రతి ఈనే, ప్రతి వత్తూ నిండుగా వచ్చింది. ఇక కాగితాన్ని అనడానికి లేదు.

అయినా ఆవిడ మొదటి జవాబు 'మీ పేపర్ క్వాలిటీ బాలేదు మేడమ్'. వీడియో పంపితే 'ఓపెన్ చేసినవి రిటర్న్ తీసుకోం' అన్నారు. ఆ తర్వాత బ్లాక్ చేశారు. పోయిన డబ్బు కంటే, ఆర్డరిచ్చిన వాళ్లకు చెప్పిన తేదీ తప్పాల్సి వచ్చిందన్న బాధే నాకు ఎక్కువ.

డబ్బాలు మళ్లీ పరీక్షగా చూశాను. దిగుమతి సరుకని చెప్పి అమ్మారు కానీ దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా లేవు, ఏ దేశంలో తయారైందో లేదు, ఎం.ఆర్.పి. మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. ప్యాకెట్లో వచ్చే దిగుమతి సరుకు మీద ఆ పేరు, చిరునామా, దేశం, ఎం.ఆర్.పి. అన్నీ ఉండి తీరాలి. లేవంటే అక్కడే ఆగిపోండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నల్ల కాగితం మీద అచ్చు వేసి వీడియో పంపమని అడగండి. తెల్ల, బంగారు, లేత రంగుల పిగ్మెంట్ నల్ల కాగితం మీద కనిపిస్తుంది, డై ఇంకు మాయమైపోతుంది. వీడియో పంపడానికి నసిగితే వదిలేయండి. వీలైతే పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి నల్ల కార్డు ముక్క, చిన్న స్టాంపు తీసుకెళ్లి, కాగితంతో పాటు ప్యాడ్లు కూడా పెట్టే కొట్లో కళ్ల ముందే వేసి చూసి కొనండి. అన్నట్టు, 'పర్మనెంట్' అని ఇస్తున్న సాల్వెంట్ ఇంకు క్లియర్ స్టాంపులకు, అంటే పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులకు వాడకండి. అది గాజుకూ, లోహానికీ; పాలిమర్ స్టాంపుల్ని పోనుపోను పాడుచేస్తుంది.

ఓపెన్ చేశారు కాబట్టి తీసుకోం అన్న మాటకు తల ఊపేయకండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకునూ, నకిలీనీ, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్నీ వెనక్కి తీసుకోను అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, అక్కడ తెలుగులోనూ మాట్లాడొచ్చు. మీకూ ఇలాంటి సెట్టే వచ్చి ఉంటే ప్యాడ్లు పారేయకండి. డబ్బా ఫోటోలు, పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ అన్నీ దాచి, మీరు కూడా విడిగా ఫిర్యాదు పెట్టండి.